జింకు కలిపిన బిళ్ల

మా మాస్టారు మా క్యాంపస్‌కి మొదటిసారి వచ్చింది ఏప్రిల్లో ఒక శనివారం. నేను అక్కడ ఫిజిక్స్ చెప్పడం మొదలుపెట్టి అప్పటికి ఆరేళ్లు దాటింది. గేటు దగ్గర్నుంచి సెక్యూరిటీ అతను ఫోన్ చేశాడు.

"మేడమ్, ఎవరో పెద్దాయన వచ్చారండి. మీకు చదువు చెప్పారంట. లోపలికెళ్లి కూర్చోండి అంటే వద్దంటున్నారు. మీకు తీరిక ఉందో లేదో కనుక్కోమంటున్నారు."

నేను పరుగులాంటి నడకతో వెళ్లాను. తెల్ల పంచె, మోచేతుల దాకా మడిచిన చొక్కా, చంకలో గొడుగు, చేతిలో గుడ్డసంచి. ఆయన ఇదే నూజివీడులో నాకు డిగ్రీలో మూడేళ్లు ఫిజిక్స్ చెప్పారు. అర్చకుల ఇంట్లో పుట్టారు. అన్నగారు గుడి చూసుకుంటే ఈయన చదువులోకి వచ్చేశారు. పెళ్లి చేసుకోలేదు. రిటైరై పదేళ్ల పైనే అయింది. భర్త పోయిన చెల్లెలు ఆయన దగ్గరే ఉంటుంది. ఆవిడను నేను పిన్నిగారూ అంటాను.

నా గదిలో ఫ్యాను కింద కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చాను. ఆయన సంచిలోంచి పొడవాటి నోటు పుస్తకాలు ఒక్కొక్కటీ తీసి బల్ల మీద పెట్టారు. ఆరు ఉన్నాయి.

"నువ్వు పీహెచ్‌డీ చేసింది కాపర్ ఆక్సైడ్ల మీదే కదమ్మా," అన్నారు. "ఈ ఊళ్లో ఇది చూపించడానికి నాకు నువ్వు తప్ప ఇంకెవరూ లేరు."

నేను ఆ సబ్జెక్టులోకి వెళ్లిందే ఆయన వల్ల. డిగ్రీ రెండో ఏడాదిలో ఒకరోజు సిలబస్ పక్కన పెట్టి, ఆయన ఒక నల్లటి పదార్థం గురించి చెప్పారు. రాగి చెంబు కాదు, రాగి భస్మం లాంటిది. మామూలుగా కరెంటును సరిగా పోనివ్వదు. దానికి మరో రెండు లోహాల ఆక్సైడ్లు కలిపి కాల్చి, తగినంత చల్లబరిస్తే కరెంటు అసలు అడ్డన్నదే లేకుండా పోతుంది. దాన్నే సూపర్ కండక్టివిటీ అంటారు. చిన్న అయస్కాంతాన్ని గాల్లో నిలబెడుతుంది. "ఎందుకు సార్?" అని వెనక బెంచీలోంచి ఎవరో అడిగారు. "తెలీదు," అన్నారాయన. మాకు పాఠాలు చెప్పేవాళ్లలో ఆ మాట అన్న మనిషిని నేను అంతకుముందు చూడలేదు.

ఇప్పుడా నోటు పుస్తకాల్లో ఆయన ఆ ఎందుకుకి జవాబు రాసుకొచ్చారు.

సంగతి ఏమిటంటే, ఆ పదార్థంలో రాగి పరమాణువులు పొరలు పొరలుగా వరుసల్లో ఉంటాయి. ప్రతిదీ ఒక చిన్న అయస్కాంతం. ఒకదాని ముఖం పైకి ఉంటే పక్కదాని ముఖం కిందికి. అందుకే బయటికి మొత్తం మీద ఏ అయస్కాంతమూ కనిపించదు. ఆ స్థితిలో ఎలక్ట్రాన్లు ఎక్కడివక్కడే ఇరుక్కుపోయి ఉంటాయి. ఆక్సిజన్ ఎక్కించి కొన్ని ఎలక్ట్రాన్లను లాగేస్తే ఆ వరుస చెదురుతుంది, అయస్కాంతం మాయమవుతుంది, సూపర్ కండక్టివిటీ వస్తుంది. మరి అయస్కాంతం పోయింది కాబట్టి ఇది వచ్చిందా, లేక ఆ చెదిరిన అయస్కాంతమే ఎలక్ట్రాన్లను జంటలుగా కలిపి నడిపిస్తోందా? నేను చదువుకున్న రోజుల్లో దీని మీద సెమినార్లలో పెద్దవాళ్లు గొంతులు పెంచి పోట్లాడుకునేవారు.

"అయస్కాంతం చావలేదమ్మా," అన్నారు మాస్టారు మూడో నోటు పుస్తకం తెరిచి. "చెదిరిందంతే. వరుస పోయింది గానీ పక్కవాడికి ఎదురు తిరిగే గుణం పోలేదు. ఆ గుణమే జంట కడుతోంది. దీనికి పరీక్ష కూడా ఉంది. చూడు."

పరీక్ష ఇదీ. మామూలు సూపర్ కండక్టర్లకు అయస్కాంత గుణం ఉన్న మలినం విషం లాంటిది. ఆ గుణం లేని మలినం పెద్దగా హాని చెయ్యదు. కానీ ఈ రాగి పదార్థంలో అయస్కాంతమే జంటలు కడుతున్న పక్షంలో వ్యవహారం తారుమారు కావాలి. రాగి పరమాణువుల్లో వందకు రెండింటిని తీసి అయస్కాంత గుణం ఉన్న నికెల్ పెడితే తక్కువ చెడాలి. ఆ గుణమే లేని జింకు పెడితే బాగా చెడాలి.

"ఇది ఎవరైనా చేసి చూస్తే తేలిపోతుంది," అన్నారు. "నాకు లేబరేటరీ లేదు. నీకుంది."

ఎవరైనా చేసి చూడడం కాదు, ఎప్పుడో చేసేశారు. నేను ప్రైమరీ స్కూల్లో ఉన్న రోజుల్లోనే చేశారు. ఆయన చెప్పినట్టే వచ్చింది. జింకే ఎక్కువ చెడగొట్టింది. ఆ ఫలితం పీహెచ్‌డీ మొదటి ఏడాది పిల్లలందరికీ తెలుసు. పైగా దానితో ఏదీ తేలలేదు. అయస్కాంతం జంట కడుతోందనే వాళ్లు అది తమకు సాక్ష్యం అన్నారు. కాదనే వాళ్లు కూడా దాన్ని తమ లెక్కల్లో ఇమిడ్చేసుకున్నారు.

ఇది ఆయనకు ఎలా తెలుస్తుంది? నూజివీడులో రెండు గదుల ఇంట్లో కూర్చుని, పాత టెక్స్ట్ బుక్కులు నాలుగు ముందేసుకుని, సొంత బుర్రతో అక్కడికి వచ్చారు. నాకు లైబ్రరీ, గైడు, కంప్యూటర్ ఉండి తెలుసుకున్నది ఆయన ఏమీ లేకుండా కనిపెట్టారు. ఆ మాట అప్పుడే చెప్పి ఉండాల్సింది. నోరు తెరిచాను కూడా.

"చేద్దామండీ," అన్నాను.

ఎందుకన్నానో చాలాసార్లు ఆలోచించాను. మా ఫర్నేసు పాతది, మా చేతుల్లో బిళ్ల సరిగా రాదు, ఆయనే విసిగి వదిలేస్తారు, నేను చెప్పాల్సిన అవసరం రాదు అని లోపల ఎక్కడో లెక్క వేసుకున్నాననుకుంటాను. నిజం చెప్పాలంటే ఆయన మొహం చూసి చెప్పలేకపోయాను.

ఇలాంటిదే నాకూ జరిగింది. పీహెచ్‌డీ నాలుగో ఏడాదిలో నా శాంపిళ్లను బాగా చల్లబరిచినప్పుడు, సూపర్ కండక్టివిటీ ఉన్న చోటే సన్నటి అయస్కాంతపు జాడ ఒకటి కనిపించింది. ఆ రెండూ ఒకే చోట కలిసి బతుకుతున్నాయని నేను సంబరపడ్డాను. పేపరు రాశాను. అది అచ్చయిన కొన్నాళ్లకు వేరే దేశం వాళ్లు తేల్చారు, ఆ జాడ అసలు పదార్థానిది కాదని. కాల్చేటప్పుడు అంచుల్లో మిగిలిపోయిన వేరే ఆక్సైడుదట. అంటే నేను అన్నాళ్లూ కొలిచింది మలినాన్ని. మా గైడుకు ఆ అనుమానం పేపరు పంపకముందే ఉందని తర్వాత తెలిసింది. నా ఉత్సాహం చూసి ఊరుకున్నారట. ఆయన్ని నేను చాలాకాలం క్షమించలేదు. డిగ్రీ వచ్చింది గానీ ఆ తర్వాత నన్ను ఎవరూ పిలవలేదు. నేనూ ఎవరి తలుపూ తట్టలేదు. మా ఊరొచ్చి, ఫస్టియర్ పిల్లలకు న్యూటన్ సూత్రాలు చెప్పుకుంటున్నాను.

మే నెల మొదటి వారంలో పని మొదలుపెట్టాం. సెలవులు కాబట్టి లేబరేటరీ ఖాళీ. మాస్టారు పొద్దున్నే ఆటోలో వచ్చేసేవారు. పొడులు తూచడం నా పని. నూరడం ఆయన పని. అగేటు రాయి కల్వంలో గంటల తరబడి నూరాలి. ఒకచోట జింకు, ఒకచోట రాగితో కలిపే బేరియం విడిగా మిగిలిపోతే లాభం లేదు.

"నేను నూరతానండీ, మీ భుజం నొప్పి కదా," అంటే వినేవారు కాదు.

"చిన్నప్పుడు గుళ్లో గంధం తీసింది నేనే అమ్మా. ఈ చేతికి అలవాటే."

మధ్యాహ్నం పిన్నిగారు కట్టిచ్చిన క్యారియర్ తెరిచేవాళ్లం. మామిడికాయ పప్పు, ఊరమిరపకాయలు. బేరియం పొడి విషం కాబట్టి ఆయన్ని చేతులు రెండుసార్లు కడుక్కోమనేదాన్ని. తింటూ తింటూ ఆయన నన్ను పరీక్షించేవారు. నీ పీహెచ్‌డీలో దీని గురించి ఏమన్నారు, దాని గురించి ఏమన్నారు అని. నేను జింకు దరిదాపుల్లోకి రాకుండా జవాబులు చెప్పేదాన్ని. అలా రోజుకొక అబద్ధం లాంటి నిజం చెప్పాను.

మూడు బిళ్లలు ఒత్తాం. ఏమీ కలపనిది ఒకటి, నికెల్ కలిపింది ఒకటి, జింకు కలిపింది ఒకటి. రూపాయి బిళ్లంత ఉంటాయి. ఫర్నేసు తొమ్మిది వందల ముప్పై డిగ్రీల దగ్గర ఉండగా, మధ్యాహ్నం మూడింటికి పడమటి వైపు ఆకాశం ఎర్రగా అయింది. మా వైపు మే నెలలో ఆ ఎరుపు చూస్తే తోటలున్న వాళ్లందరూ బయటికొచ్చి నిలబడతారు. పావుగంటలో గాలిదుమారం వచ్చింది. కరెంటు పోయింది. మేమిద్దరం ఫర్నేసు మీటరు ముందు కూర్చుని అంకెలు దిగిపోతుంటే చూస్తున్నాం. తొమ్మిది వందలు, ఎనిమిది వందల నలభై, ఏడు వందల ఎనభై. మెల్లగా, ఆక్సిజన్‌లో దిగాల్సిన వేడి అది.

"ఏం చెయ్యలేమా?" అన్నారు మాస్టారు.

"ఏం చెయ్యలేమండీ."

సాయంత్రం మా ఇంటికి వెళ్లేసరికి నాన్న తోట నుంచి అప్పుడే వచ్చారు. మాది మామిడి వ్యాపారం. ఆ ఏడాది ఆయన గుత్తకు తీసుకున్న రసాల తోటలో కోతకు వారం ఉందనగా కాయంతా రాలింది. కాళ్లు కడుక్కుని అరుగు మీద కూర్చున్నారు. నేను పక్కన కూర్చుని మా బిళ్లల సంగతి చెప్పాను. నాన్న ఐదో తరగతితో చదువు ఆపేశారు. కానీ శ్రద్ధగా విన్నారు.

"మళ్లీ కాల్చుకోవచ్చా?"

"కాల్చుకోవచ్చు నాన్నా."

"అయితే మీ పని నయం," అన్నారు.

మర్నాడు ఫర్నేసు తెరిస్తే బిళ్లలు పగుళ్లిచ్చి, అంచుల్లో పచ్చగా ఉన్నాయి. నల్లగా ఉండాల్సినవి. పచ్చరంగు వచ్చిందంటే అది వేరే పదార్థం, పనికిరాదు. నాకు, చెప్పడానికి సిగ్గుగా ఉంది గానీ, ఊపిరి తేలిక పడింది. ఇక ఆపేద్దామంటారనుకున్నాను. మాస్టారు ఆ ముక్కల్ని అరచేతిలో పెట్టుకుని కిటికీ దగ్గరికి తీసుకెళ్లి చూశారు.

"మొదట్నుంచి నూరదాం," అన్నారు.

రెండోసారి నేను జనరేటరు లైనుకు అనుమతి రాయించుకున్నాను. వెల్డింగు షాపు నుంచి ఆక్సిజన్ సిలిండరు తెప్పించాను. ఎలాగూ చేస్తున్నాం కదా, సరిగా చేద్దామనిపించింది. అదొక విచిత్రమైన స్థితి. ఆ పని పాడైతే బాగుండునని ఉంది, పాడుచెయ్యడానికి చెయ్యి రావడం లేదు. మూడు బిళ్లలూ చక్కటి నలుపుతో వచ్చాయి.

ఇక చల్లబరచాలి. దానికి లిక్విడ్ నైట్రోజన్ కావాలి. మా క్యాంపస్‌లో లేదు. విజయవాడ నుంచి తెప్పించాలంటే కాగితాలు కదలడానికే వర్షాకాలం వస్తుంది. అప్పుడు గుర్తొచ్చింది, పశువుల ఆసుపత్రుల్లో ఉంటుందని. గేదెలకు చూడి కట్టించడానికి వాడే వీర్యాన్ని అందులోనే దాస్తారు. చింతలపూడి వైపు ఒక ఆసుపత్రిలో మా దూరపు బంధువుల అమ్మాయి డాక్టరు. ఫోన్ చేస్తే అడిగింది, "దేనికి వదినా?"

"అయస్కాంతాన్ని గాల్లో నిలబెట్టడానికి."

"బుధవారం కొత్త స్టాకు వస్తుంది. పాత క్యానులో అడుగున కాస్త మిగులుతుంది. పొద్దున్నే వస్తే తీసుకెళ్లు. రెండు గంటల్లో వాడెయ్యాలి, ఆవిరైపోతుంది," అంది.

బుధవారం తెల్లారి కారులో వెళ్లి, వెనక సీట్లో క్యాను పెట్టుకుని, కిటికీలన్నీ దించి తీసుకొచ్చాను. లేబరేటరీలో మాస్టారు, పిన్నిగారు ఎదురుచూస్తున్నారు. పిన్నిగారు జరీ చీర కట్టుకుని వచ్చింది. "అన్నయ్య ఇరవై ఏళ్ల పని కదా," అంది నాతో మెల్లగా.

థర్మోకోల్ గిన్నెలో మొదట ఏమీ కలపని బిళ్ల పెట్టి నైట్రోజన్ పోశాను. బుసబుసా పొగలు కక్కి సద్దుమణిగింది. పటకారుతో చిన్న అయస్కాంతం తీసి పైన వదిలాను. అది బిళ్లకు తగలకుండా గాల్లో ఆగిపోయింది. పిన్నిగారు రెండు చేతులూ జోడించింది. మాస్టారు ఒక కాగితాన్ని మడిచి అయస్కాంతానికీ బిళ్లకూ మధ్య నుంచి ఇటు నుంచి అటు జరిపి చూశారు.

రెండోది నికెల్ బిళ్ల. అయస్కాంతం ఇక్కడా లేచింది. ఎత్తు తక్కువ, కాస్త వణుకుతోంది, కానీ లేచింది.

మూడోది జింకు బిళ్ల. అయస్కాంతం వదిలాను. టిక్కుమని బిళ్ల మీద పడింది. తీసి మళ్లీ వదిలాను. మళ్లీ పడింది. ఇంకాస్త నైట్రోజన్ పోసి, నిమిషం ఆగి, మాస్టారి చేతికే పటకారు ఇచ్చాను. ఆయన వదిలారు. పడింది.

ఆయన కళ్లజోడు తీసి పంచె అంచుతో తుడుచుకున్నారు. చాలాసేపు తుడుస్తూనే ఉన్నారు. తర్వాత కుర్చీలో కూర్చుని, "వచ్చింది కదమ్మా," అన్నారు. నన్ను అడుగుతున్నట్టుగా అన్నారు.

"వచ్చిందండీ," అన్నాను.

తర్వాతి మూడు వారాలు నాకు ఎలా గడిచాయో చెప్పలేను. మాస్టారు పేపరు రాశారు. చక్కటి పాతకాలపు ఇంగ్లీషులో, సొంత దస్తూరీతో పద్నాలుగు పేజీలు. పైన నా పేరు ముందు రాసి, తన పేరు తర్వాత రాశారు. టైపు చేసి పత్రికకు పంపమని ఇచ్చారు. నేను దాన్ని సొరుగులో పెట్టుకున్నాను. ఆయన రెండు రోజులకోసారి ఫోన్ చేసేవారు.

"పంపావా అమ్మా?"

"టైపు అవుతోందండీ."

ఎక్కడికైనా పంపితే ఏమవుతుందో నాకు తెలుసు. రెండు లైన్ల జవాబు వస్తుంది. అది కూడా మర్యాదగా ఉండదు. ఆ జవాబు ఆయన చదవడమా, నా నోటితో వినడమా, నేను ఎంచుకోవాల్సింది ఆ రెంటిలో ఒకటి.

ఒక ఆదివారం సాయంత్రం ఆయన ఇంటికి వెళ్లాను. వసారాలో మడతమంచం మీద కూర్చుని ఉన్నారు. పిన్నిగారు లోపల దీపం పెడుతోంది. పేపరు ఆయన చేతికి తిరిగి ఇచ్చి, నిలబడే చెప్పాను. ఈ ప్రయోగం ఇంతకుముందే చేశారండీ, మీరు చెప్పినట్టే వచ్చిందండీ అన్నాను.

ఆయన పేపరు అంచులు సరిచేసి ఒళ్లో పెట్టుకున్నారు.

"ఎప్పుడు?"

"చాలా ఏళ్లయిందండీ. నేను చిన్నపిల్లప్పుడు."

"అంటే నేను నీకు పాఠం చెప్పేనాటికే."

"అవునండీ."

లోపల గంట మోగి ఆగిపోయింది. ఆయన తల పైకెత్తలేదు.

"నీకు మొదటి రోజే తెలుసు."

"తెలుసండీ."

"మరి నాచేత నెల రోజులు కల్వం ఎందుకు పట్టించావమ్మా?"

కోపంగా అడగలేదు. నిజంగా తెలుసుకోవాలన్నట్టు అడిగారు. గైడు సంగతి, నా పేపరు సంగతి చెప్పాలనుకున్నాను. అవన్నీ సాకుల్లా ఉంటాయనిపించింది. తప్పయిందండీ అన్నాను. ఆ మాటకి ఆయన చెయ్యి కాస్త పైకెత్తి, చాలన్నట్టు ఊపారు. పిన్నిగారు కాఫీ గ్లాసులతో వచ్చేసరికి నేను చెప్పులేసుకుంటున్నాను.

నెల రోజులు ఫోన్ లేదు. క్లాసులు మొదలయ్యాయి. ఒకరోజు పిన్నిగారు చేసింది.

"అన్నయ్య రాయడం మానేశారమ్మా. నోటు పుస్తకాలు అటక మీద పెట్టించారు. పొద్దస్తమానం వీధి వైపు చూస్తూ కూర్చుంటున్నారు. నువ్వేమన్నా అన్నావా?"

"అన్నానండీ."

"అనాల్సిందేనా?"

"అనాల్సిందేనండీ. ముందే అనాల్సింది," అన్నాను.

ఆవిడ "సరే, ఆ రాసినవాళ్ల కాగితాలేవో ఉన్నాయంట కదా, అవి తెమ్మంటున్నారు. అది చెప్పడానికే చేశాను," అంది.

ప్రింట్లు తీసి పట్టుకెళ్లాను. జింకు మీద పాతవి, తర్వాతి వాళ్లు రాసినవి, పోట్లాటలన్నీ కలిపి ఒక దొంతర. వాటి అడుగున నా పేపరు, దాన్ని తప్పని తేల్చిన వాళ్ల పేపరు కూడా పెట్టాను. అన్నిటికంటే ముందు ఆయన ఆ రెండే చదివారని తర్వాత తెలిసింది.

రెండు వారాల తర్వాత వెళితే, భూతద్దం పట్టుకుని కాగితానికి మొహం ఆనించి ఉన్నారు. నన్ను చూసి పక్కనున్న కుర్చీ చూపించారు.

"దీని గురించి నిన్నెవరూ ముందు హెచ్చరించలేదా?" అన్నారు నా పేపరు మీద వేలు పెట్టి.

"మా గైడుకి అనుమానం ఉందంటండీ. చెప్పలేదు."

ఆయన నా వైపు చూశారు. నేను తల దించుకున్నాను. ఆ మాట మళ్లీ ఎప్పుడూ ఎత్తలేదు, ఆయనా, నేనూ.

"సరే, ఇది చూడు," అని వేరే కాగితం తీశారు. "జింకు పెట్టిన చోట, దాని చుట్టూ ఉన్న రాగి పరమాణువుల్లో కొత్తగా అయస్కాంతం పుడుతోందంట. జింకుకి లేని గుణం దాని పక్కవాళ్లలో లేస్తోంది. ఇది నా నోటు పుస్తకంలో లేదమ్మా. నాకు తట్టలేదు. ఇది నా పక్షానికీ సాక్ష్యమే, అవతలి పక్షానికీ సాక్ష్యమే. ఇప్పుడెలా?"

"అక్కడే ఉన్నారండీ అందరూ."

"ఇంకా?"

"ఇంకానండీ. కొట్టుకుంటూనే ఉన్నారు."

ఆయన నవ్వారు. చాలా రోజుల తర్వాత నవ్వారని పిన్నిగారు గుమ్మంలోంచి చెప్పింది.

భూతద్దం సంగతి నేను అప్పుడు పట్టించుకోలేదు. వయసుకొద్దీ అనుకున్నాను. దసరా వెళ్లాక ఆయన ఒకరోజు కాగితం తలకిందులుగా పట్టుకుని ఉండడం చూసి పిన్నిగారు భయపడింది. విజయవాడ తీసుకెళ్లాం. డాక్టరు చుక్కలు వేసి, ఫొటోలు తీసి, కంటి వెనక పొర మధ్యలో దెబ్బతిందని చెప్పాడు. ఇంజెక్షన్లతో ఉన్నది కొంతకాలం నిలబెట్టవచ్చు, పోయింది తిరిగి రాదు. నడవడానికి, మనుషుల్ని పోల్చుకోవడానికి సరిపోతుంది. చదవడానికి సరిపోదు. తిరిగొచ్చేటప్పుడు కారులో ఆయన ముందు సీట్లో కూర్చున్నారు.

"ఒకటి రెండేళ్ల ముందు చూపించాల్సిందన్నాడు కదా," అన్నారు హనుమాన్ జంక్షన్ దాటాక.

"అవునండీ."

"ఆ నోటు పుస్తకాలు రాస్తున్నప్పుడే మసగ్గా ఉండేది. పూర్తయ్యాక చూపిద్దాంలే అనుకున్నాను."

నేను రోడ్డు వైపు చూస్తూ నడిపాను.

అప్పట్నుంచి ఆదివారాలు మధ్యాహ్నం ఆయనకు చదివి వినిపిస్తున్నాను. ఇంగ్లీషులో ఒక పేరా చదివి, తెలుగులో మళ్లీ చెబుతాను. సమీకరణాలు వస్తే గుర్తు గుర్తునా చదవమంటారు. ఒక్కోసారి పేజీకి గంట పడుతుంది. కొత్తగా వచ్చిన పేపర్లు కూడా వెతికి పట్టుకెళుతున్నాను. దానివల్ల నేనూ మళ్లీ చదువుతున్నాను. అది మంచికో చెడుకో చెప్పలేను. ఏది చదివినా చివరికి అక్కడికే వస్తుంది. కావచ్చు, కాకపోవచ్చు, ఇంకా పరిశీలించాలి. ఆ చివరి పేరాలు చదివేటప్పుడు నా గొంతు తగ్గుతుంది. ఆయన కనిపెట్టి, "గట్టిగా చదువమ్మా," అంటారు.

పోయిన ఆదివారం ఒక పేపరు మధ్యలో ఆపమన్నారు.

"నేను పోయేలోపు ఇది తేలుతుందంటావా?"

"చెప్పలేనండీ."

"నువ్వు పోయేలోపు?"

"అదీ చెప్పలేనండీ."

"సరే. తర్వాతేముంది?"

తర్వాత ఉన్నది బొమ్మ, ఎలక్ట్రాన్లు లాగేసే కొద్దీ ఆ పదార్థం ఏమవుతుందో చూపించేది. దాన్ని చదివి చెప్పడం ఎలాగో తోచలేదు. ఆయన కుడి చెయ్యి నా ఒళ్లోకి తీసుకుని అరచేతి మీద వేలితో గీశాను. ఎడమవైపు పైనుంచి నిట్టనిలువుగా దిగే గీత, అది అయస్కాంతం. కాస్త ఎడంగా, కుడివైపు గుట్టలా లేచి దిగే గీత, అది సూపర్ కండక్టివిటీ. ఆయన కళ్లు మూసుకుని గీతల్ని గుర్తుపట్టారు. తర్వాత ఎడమచేతి వేలితో, ఆ రెంటికీ మధ్య ఖాళీగా మిగిలిన చోట మెల్లగా నొక్కారు.

"ఇక్కడేముంది?"

"అక్కడే తెలీదండీ," అన్నాను.

ఆయన ఆ వేలు అక్కడే ఉంచి కూర్చున్నారు. నేను కాగితం పట్టుకుని, ఆయన చెయ్యి తీసే దాకా ఆగాను.